బాధితురాలే నిందితురాలైతే: మహిళా ఖైదీల మానసిక గాయం ఎవరి లెక్కలోనూ ఎందుకు లేదు?

క్లుప్తంగా: దేశంలోని ఖైదీల్లో మహిళలు సుమారు 4 శాతం. వీళ్లలో చాలామంది కేసు పడకముందే ఇంట్లోనో బయటో హింసను చవిచూసి ఉంటారు. ఫిర్యాదుదారుగా వచ్చిన మహిళ మానసిక గాయాన్ని మన చట్టం కొంతవరకైనా గుర్తిస్తుంది. అదే మహిళ నిందితురాలిగా వస్తే ఆ గాయం గురించి అడిగేవాళ్లు దాదాపు ఉండరు. స్టేషన్, కోర్టు, జైలు, విడుదల అనే నాలుగు దశల్లో ఆ సమాచారం ఎక్కడెక్కడ జారిపోతోంది, ఇతర దేశాలు ఏం చేశాయి, ఇక్కడ చేతిలో ఉన్న దారులేమిటి అనేవి ఈ వ్యాసంలో చూద్దాం.

ఒకే మనిషి, రెండు ఫైళ్లు

హైదరాబాద్‌లో 2016 నుంచి పోలీసుల ఆధ్వర్యంలో భరోసా కేంద్రం నడుస్తోంది. లైంగిక దాడికో గృహహింసకో గురైన మహిళ అక్కడికి వెళితే కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి. జిల్లాల్లో సఖి కేంద్రాలదీ ఇదే పద్ధతి. అదే నగరంలో చంచల్‌గూడలో మహిళల ప్రత్యేక కారాగారం ఉంది. భర్త చేతిలో పదేళ్లు దెబ్బలు తిన్న మహిళ పదో ఏట సఖి కేంద్రం మెట్లెక్కితే ఆమె బాధితురాలు. పదకొండో ఏట అదే భర్త మరణానికి కారణమైతే చంచల్‌గూడలో ఆమె రిమాండ్ ఖైదీ. మొదటి ఫైల్లో ఉన్నదేదీ రెండో ఫైల్లోకి దానంతట అది రాదు. గృహహింస చట్టం కింద రక్షణాధికారి రాసిన నివేదిక ఉన్నా, ఎవరో ఒక లాయరు వెతికి తెప్పిస్తే తప్ప హత్య కేసు విచారిస్తున్న సెషన్స్ కోర్టు దాకా చేరదు.

అసలు ఆ మొదటి ఫైలు తెరుచుకునేది కూడా అరుదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18-49 ఏళ్ల వివాహిత మహిళల్లో భర్త హింసను ఎదుర్కొన్నామని చెప్పినవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశ సగటు 29.3. హింసకు గురైన మహిళల్లో ఎవరి సాయమూ కోరక, ఎవరికీ చెప్పక ఊరుకున్నవాళ్లు దేశవ్యాప్తంగా 77 శాతం. కోర్టులో మాత్రం ప్రాసిక్యూషన్ వేసే మొదటి ప్రశ్న, 'అంత హింస ఉంటే ఒక్కసారైనా కంప్లయింట్ ఇచ్చిందా?' అనేదే. నలుగురిలో ముగ్గురు నోరు విప్పని చోట, ఫిర్యాదు లేదు కాబట్టి హింసే లేదనడం తర్కానికి నిలవదు. అయినా ఆ వాదన చెల్లుబాటవుతూనే ఉంది.

జైళ్లలోని లెక్కలు

జాతీయ నేర రికార్డుల సంస్థ 2022 నివేదిక ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో మహిళలు 23,772 మంది. నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు, వాళ్లు విచారణ ఖైదీలు. 1,537 మంది తల్లులతో పాటు 1,764 మంది పిల్లలు జైళ్లలో ఉన్నారు. ప్రపంచం మొత్తం మీద జైళ్లలో ఉన్న మహిళలు, బాలికలు 7.4 లక్షలకు పైనే. 2000 నాటితో పోలిస్తే ఈ సంఖ్య దాదాపు 60 శాతం పెరిగింది.

ఈ 23 వేల మందిలో ఎంతమంది గతంలో హింసకు గురయ్యారో చెప్పే పట్టిక ఆ నివేదికలో లేదు. వయసు, చదువు, కులవర్గం, మతం, నేరం, శిక్ష ఇవన్నీ లెక్కకొస్తాయి. అమెరికాలో ఈ ప్రశ్న అడిగారు. అక్కడి న్యాయ గణాంకాల సంస్థ 1999లో వెలువరించిన నివేదిక ప్రకారం, రాష్ట్రాల జైళ్లలోని మహిళల్లో 57 శాతం తమపై గతంలో శారీరక లేదా లైంగిక దాడి జరిగిందని చెప్పారు. మగ ఖైదీల్లో అలా చెప్పినవాళ్లు 16 శాతం. మగవాళ్లు బయటికి చెప్పుకోవడానికి వెనకాడతారన్న మినహాయింపు ఇచ్చినా తేడా చాలా పెద్దది.

మన దగ్గర మానసిక ఆరోగ్యంపై జరిగిన పెద్ద అధ్యయనం బెంగళూరుది. పరప్పన అగ్రహార కేంద్ర కారాగారంలో అయిదు వేలకు పైగా ఖైదీలను జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ బృందం పరీక్షించి 2011లో నివేదిక ఇచ్చింది. మద్యం, మత్తు అలవాట్లను కూడా కలుపుకుంటే దాదాపు 80 శాతం మందిలో ఏదో ఒక సమస్య కనిపించింది. అయితే పరీక్షించినవాళ్లలో అత్యధికులు మగవాళ్లే కావడంతో మహిళల సంగతి దాని నుంచి విడిగా తేల్చడం కష్టం.

గాయం నేరం దాకా ఎలా వస్తుంది?

మానసిక గాయం అంటే బాధ, దుఃఖం అని మాత్రమే అనుకోవడం పొరపాటు. ప్రాణభయం కలిగినప్పుడు మెదడులోని హెచ్చరిక వ్యవస్థ ఒళ్లంతటినీ పోరాటానికో, పారిపోవడానికో, కొయ్యబారిపోవడానికో సిద్ధం చేస్తుంది. ప్రమాదం దాటాక అది చల్లబడాలి. ప్రమాదం అదే కప్పు కింద, అదే మంచం పక్కన ఏళ్ల తరబడి ఉంటే అది చల్లబడదు. చిన్న చప్పుడుకి ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం, ఎప్పుడో జరిగింది ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ల ముందుకు రావడం, లేదంటే ఏదీ పట్టనట్టు మొద్దుబారిపోవడం ఈ స్థితి లక్షణాలు. అమెరికా మనోవైద్యులు 1980లో దీన్ని పీటీఎస్‌డీ (గాయం తర్వాతి ఒత్తిడి రుగ్మత) పేరుతో తమ వ్యాధుల జాబితాలో చేర్చారు. దీర్ఘకాలం, తప్పించుకోలేని హింస వల్ల వచ్చే సంక్లిష్ట రూపాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 11వ వర్గీకరణలో విడిగా గుర్తించింది. అది 2022 నుంచి అమల్లో ఉంది.

ఇక్కడి నుంచి నేరారోపణ దాకా ఒకటే దారి లేదు. ఇంటి హింస తట్టుకోలేక పదిహేనేళ్లకే బయటపడిన అమ్మాయి దళారీ చేతికి చిక్కడం ఒక దారి. అనైతిక వ్యాపార నిరోధక చట్టం 1956 మహిళలను కాపాడటానికి వచ్చిందే అయినా, అందులోని 8వ సెక్షన్ బహిరంగ ప్రదేశంలో విటులను పిలిచే మహిళనే నేరస్థురాలిని చేస్తుంది. దాడుల్లో పట్టుబడ్డ సెక్స్ వర్కర్లను అరెస్టు చేసి వేధించవద్దని సుప్రీంకోర్టు 2022 మేలో ఆదేశించింది గానీ సెక్షన్ మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.

ఇంకో దారి ఆంధ్ర-ఒడిశా సరిహద్దుది. అక్కడి ఏజెన్సీ నుంచి గంజాయి పొట్లాలు రైళ్లలో, బస్సుల్లో బయటికి పోతాయి. మోసుకెళ్లేవాళ్లలో మహిళలూ ఉంటారు. మహిళ మీద, అందునా చంటిబిడ్డను ఎత్తుకున్న మహిళ మీద అనుమానం రాదని సరుకు గలవాళ్ల ధీమా. పట్టుబడేది మోసేవాళ్లే. సరుకు 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ ప్రకారం నిందితురాలు దోషి కాదని నమ్మడానికి కారణాలున్నాయని కోర్టుకు అనిపిస్తే తప్ప బెయిల్ రాదు. సంచీ మోయమన్నది భర్తా, అప్పులవాడా, కాదంటే ఏమయ్యేది అన్న ప్రశ్నలు బెయిల్ దశలో పెద్దగా లెక్కకు రావు.

హింసకు గురైనవాళ్లందరూ నేరం వైపు వెళ్లరన్నది కూడా ఇక్కడే చెప్పాలి. అత్యధికులు వెళ్లరు. పేదరికం, చిన్నతనపు పెళ్లి, మద్యం, అప్పు, పుట్టింటి ఆసరా లేకపోవడం తోడైనప్పుడు గాయం మనిషి ముందున్న దారులను కుదించేస్తుంది. మిగిలిన ఒకటి రెండు దారుల్లో చట్టం దాటనిది ఉండకపోవచ్చు.

స్టేషన్‌లో, బోనులో

మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. అసాధారణ పరిస్థితుల్లో చేయాల్సి వస్తే మహిళా అధికారే, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకుని చేయాలి. సాక్షిగా ప్రశ్నించాలంటే ఆమె ఇంటికే వెళ్లాలి. ఈ రక్షణలు పాత నేర ప్రక్రియా స్మృతిలో ఉన్నాయి, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ కొనసాగాయి. వీటి వెనక నెత్తుటి చరిత్ర ఉంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. అదే ఏడాది, మహారాష్ట్రలో పోలీస్ స్టేషన్‌లోనే అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక మథుర కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఈ రెండింటిపై రేగిన ఆందోళనలే 1983లో కస్టడీ అత్యాచారాన్ని ప్రత్యేక నేరంగా మార్చిన సవరణకు దారితీశాయి. మహిళలకు వేరే లాకప్‌లు ఉండాలని, మహిళా పోలీసుల సమక్షంలోనే విచారించాలని సుప్రీంకోర్టు పాత్రికేయురాలు షీలా బర్సే కేసులో చెప్పిందీ 1983లోనే. బొంబాయి సెంట్రల్ జైల్లో ఆమె మాట్లాడిన 15 మంది మహిళల్లో అయిదుగురు లాకప్‌లో తమపై దాడి జరిగిందని చెప్పారు.

ఈ రక్షణలన్నీ కొత్త గాయం తగలకుండా ఆపడానికి. పాత గాయంతో వచ్చిన మహిళ మాట ఎలా వినాలన్నది వీటిలో లేదు. విపరీతమైన భయంలో ఏర్పడిన జ్ఞాపకం వరసగా ఉండదు. వాసనో అరుపో గుర్తుంటుంది, గంట గుర్తుండదు. పంచనామాకీ, రిమాండ్ రిపోర్టుకీ కావలసింది మాత్రం గంటలూ వరసే. 'ఎన్నింటికి? ఎక్కడ నిలబడ్డావు? అప్పుడే ఎందుకు అరవలేదు?' అని అడిగితే మొదటిరోజు ఒకటి, మూడోరోజు ఇంకొకటి చెబుతుంది. దాన్ని పోలీసులు 'పొంతన లేని సమాధానాలు' అని రాస్తారు.

విచారణ చివర్లో ఒక ఘట్టం ఉంటుంది. సాక్షులు చెప్పిన ఒక్కొక్క విషయాన్నీ జడ్జి నిందితురాలికి చదివి వినిపించి 'దీనికి ఏమంటావు?' అని అడగాలి. పాత స్మృతిలో 313వ సెక్షన్, ఇప్పుడు 351. నిందితురాలు తన కథను తన మాటల్లో చెప్పుకునే అవకాశం చట్టంలో ఉన్నది ఇదొక్కటే అనుకోవచ్చు. కోర్టు హాళ్లలో కనిపించేది వేరు. ముప్పై, నలభై ప్రశ్నలు వరసగా చదువుతారు. బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి 'అబద్ధమండీ', 'తెలియదండీ' అంటూ పోతుంది. చివరి ప్రశ్న 'ఇంకేమైనా చెప్పుకుంటావా?' దానికీ 'ఏం లేదండీ' అనే వస్తుంది. అలా చెప్పడమే క్షేమమని లాయరు ముందే చెప్పి ఉండవచ్చు. మొద్దుబారిన మనసుకు అంతకు మించి మాట రాకపోనూ వచ్చు. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బాధితురాలి సాక్ష్యం విషయంలో న్యాయస్థానాలు ఈ చిక్కును అర్థం చేసుకున్నాయి. అత్యాచార బాధితురాలి వాంగ్మూలంలో చిన్నచిన్న తేడాలుంటే వాటిని పట్టుకుని ఆమె మాటను కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 1996లో గుర్మీత్ సింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. మనస్తత్వం ఒకటే, మెదడు పనిచేసే తీరూ ఒకటే. ఆ అవగాహన సాక్షి బోను నుంచి నిందితుల బోనుకు మాత్రం చేరలేదు.

'ఆకస్మికం' అన్న ఒక్క షరతు

అన్నిటికన్నా పెద్ద చిక్కు హత్య చట్టంలో ఉంది. తీవ్రమైన, ఆకస్మికమైన ప్రేరేపణ వల్ల నిగ్రహం కోల్పోయి చంపితే అది హత్య కాదు, అంతకన్నా తక్కువ నేరం. 1860 శిక్షాస్మృతిలో 300వ సెక్షన్ మొదటి మినహాయింపు ఇదే. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్ దీన్ని దాదాపు యథాతథంగా తీసుకుంది. 1959లో నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చిన కేసులో ఈ మినహాయింపు వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. భార్య చెప్పిన మాటకూ తుపాకీ పేలడానికీ మధ్య సుమారు మూడు గంటలు గడిచాయి, ఆ వ్యవధిలో కోపం చల్లారాలన్నది కోర్టు లెక్క.

ఈ లెక్క బలం సమానంగా ఉన్న ఇద్దరు మగవాళ్ల కొట్లాటకు సరిపోతుంది. దెబ్బకు దెబ్బ అక్కడికక్కడే పడుతుంది. ఒంటి బలంలో సరితూగలేని, ఎదురు తిరిగితే ఇంకా ఎక్కువ దెబ్బలు పడతాయని అనుభవంతో తెలిసిన మహిళ అక్కడికక్కడ ఏమీ చేయదు. అతను నిద్రపోయాకో, మత్తులో ఉన్నప్పుడో చేస్తుంది. చట్టం దృష్టిలో అది పథకం ప్రకారం చేసిన హత్య. ఆత్మరక్షణ హక్కు కూడా ఆమెను ఆదుకోదు, నిద్రపోతున్న మనిషి నుంచి తక్షణ ప్రమాదం లేదు కదా అంటారు. మతి స్థిమితం లేదన్న వాదనకు 'చేస్తున్నదేమిటో తెలియని స్థితి' రుజువు కావాలి. ఆమెకు తెలుసు. మూడు తలుపులూ మూసుకున్నట్టే.

బ్రిటన్‌లో స్థిరపడిన పంజాబీ మహిళ కిరణ్‌జిత్ అహ్లూవాలియా కేసు ఇక్కడ మలుపు. పదేళ్లు హింసించిన భర్త నిద్రపోతుండగా 1989లో ఆమె నిప్పంటించింది. అతను చనిపోయాడు, ఆమెకు యావజ్జీవం పడింది. సౌత్‌హాల్ బ్లాక్ సిస్టర్స్ అనే మహిళా సంఘం పట్టు వదలకుండా పోరాడింది. 1992లో అప్పీలు కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. ఆకస్మిక ప్రేరేపణ వాదనను కోర్టు ఒప్పుకోలేదు. అక్కడి 1957 చట్టంలోని 'తగ్గిన బాధ్యత' అనే పాక్షిక రక్షణను ముందు విచారణలో పరిశీలించలేదన్న కారణం మీద ఆమె బయటపడింది. దీర్ఘకాల హింస వల్ల మానసిక స్థితి దెబ్బతింటే పూర్తి నిర్దోషిగానూ కాక, పూర్తి హంతకురాలిగానూ కాక చూసే మధ్యస్థ స్థానం అది. 2009 చట్టం ఆకస్మికం అన్న షరతును కూడా తీసేసింది. మన స్మృతిలోని అయిదు మినహాయింపుల్లో 'తగ్గిన బాధ్యత' లేదు. 2023లో మొత్తం స్మృతినే తిరగరాసినప్పుడు చేర్చే అవకాశం ఉన్నా చేర్చలేదు.

మన హైకోర్టులు మాత్రం తమ పరిధిలో కొంత దూరం వెళ్లాయి. తమిళ జానపద కథలో నల్లతంగాళ్ పేదరికం, అవమానం భరించలేక తన ఏడుగురు పిల్లలనూ బావిలో పడేస్తుంది. పిల్లలతో బావిలో దూకి తాను మాత్రం బతికిన ఒక తల్లి కేసులో 1989లో మద్రాస్ హైకోర్టు ఆ కథ పేరునే ఈ స్థితికి పెట్టింది. ఒక్క క్షణపు రెచ్చగొట్టుడు లేకపోయినా, రోజురోజుకీ పేరుకుపోయిన దీర్ఘకాల ప్రేరేపణను లెక్కలోకి తీసుకోవచ్చని చెప్పింది. తాగివచ్చి కొడుతున్న భర్త చేతిలోని కర్ర లాక్కుని కొట్టగా అతను మరణించిన కేసులో గౌహతి హైకోర్టు 2013లో ఇదే దారిన నడిచి హత్య నేరాన్ని తగ్గించింది. ఇవి ఆయా హైకోర్టుల తీర్పులు. సెషన్స్ కోర్టుల్లో రోజువారీ విచారణల్లో వీటిని ఎత్తిచూపే లాయరు ఎంతమంది నిందితురాళ్లకు దొరుకుతాడన్నది వేరే ప్రశ్న.

'బిడ్డలతో బావిలో దూకిన తల్లి' అన్న శీర్షిక తెలుగు దినపత్రికల జిల్లా పేజీలకు కొత్త కాదు. తల్లీ పిల్లలూ అందరూ చనిపోతే అది విషాదవార్త. తల్లి బతికితే హత్య కేసు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. భారతీయ న్యాయ సంహితలో సాధారణ ఆత్మహత్యాయత్నం నేరమే కాదు. అంటే ఆ తల్లి తన ప్రాణం తీసుకోబోయినంతవరకూ ఒత్తిడిలో ఉన్న మనిషి. బిడ్డ విషయంలో, అదే క్షణంలో, నిబ్బరంగా ఆలోచించి చంపిన హంతకురాలు. ఇంగ్లండులో 1922 నుంచే శిశుహత్యకు వేరే చట్టం ఉంది. 1938లో సవరించిన రూపంలో, ప్రసవ ప్రభావం నుంచి కోలుకోని తల్లి ఏడాదిలోపు బిడ్డను చంపితే దాన్ని హత్యగా చూడరు. 1860 స్మృతిని ఇక్కడికి తెచ్చిన పాలకులు ఈ చట్టాన్ని మాత్రం వాళ్ల ఇంట్లోనే ఉంచుకున్నారు. స్వాతంత్ర్యం తర్వాత మనమూ అడగలేదు.

జైలు గేటు దగ్గర రాసుకునేదేమిటి?

రిమాండ్ వారెంటుతో వచ్చిన మహిళకు గేటు దగ్గర మొదట జరిగేది తనిఖీ. ఆ తర్వాత రిజిస్టరు: పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు. వైద్య పరీక్షలో బీపీ, షుగరు, అంటురోగాలు, గర్భం. ఒంటి మీద కొత్త గాయాలుంటే తప్పకుండా రాసుకుంటారు, ఎందుకంటే రేపు అవి జైల్లో తగిలాయన్న మాట రాకూడదు. పాత మచ్చలు గుర్తింపు చిహ్నాల గడిలోకి పోతాయి. కాల్చిన మచ్చ కూడా 'ఎడమ మోచేతిపై మచ్చ'గానే నమోదవుతుంది. అది ఎలా వచ్చిందన్న గడి వేరే ఉండదు.

లైంగిక హింసను అనుభవించిన మహిళకు ఒంటి తనిఖీ మామూలు తనిఖీలా ఉండదు. సోదా చేసే చేతులు మహిళలవే అయినా, ఒళ్లు పాత ప్రమాదాన్నే గుర్తుచేసుకుంటుంది. రాత్రంతా ఆరని లైట్లు, తాళాల చప్పుడు, ఒకరి కాలు ఒకరికి తగిలేంత ఇరుకైన పడక, ఎప్పుడు ఎవరు అరుస్తారో తెలియని వాతావరణం ఇవన్నీ హెచ్చరిక వ్యవస్థను ఎప్పుడూ మోగుతూనే ఉంచుతాయి. దాని ఫలితం ఎక్కువగా ఒంటినొప్పుల రూపంలో బయటికొస్తుంది. తలపోటు, గుండెదడ, ఒళ్లు మంటలు, ఆకలి లేకపోవడం. డాక్టరు నొప్పి మాత్ర, బలం మాత్ర రాసిస్తారు. ఇంకో రూపం కోపం: ఎదురు మాట్లాడటం, అన్నం తిననని మొండికేయడం, చెయ్యి కోసుకోవడం. దీనికి జైలు భాషలో పేరు క్రమశిక్షణ ఉల్లంఘన. శిక్షగా ములాకత్ ఆపితే ఉన్న ఒక్క ఊతమూ పోతుంది.

ములాకత్ సంగతికొస్తే, సంఖ్య తక్కువ కావడమే మహిళలకు శాపమైంది. దేశం మొత్తంలో మహిళల జైళ్లు 2022 నాటికి 34. మిగతావాళ్లంతా మగవాళ్ల జైళ్లలో ఓ మూల ఆవరణలో ఉంటారు. ప్రత్యేక జైలు కావాలంటే దూరం పోవాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి రాజమహేంద్రవరం మహిళా జైలుకు వచ్చి వెళ్లాలంటే కూలి మనిషికి రోజంతా పోతుంది, పిల్లల్ని వెంటబెట్టుకొస్తే ఖర్చు రెట్టింపు. జైలుకెళ్లిన మగవాడి కోసం తల్లో భార్యో అన్నం కట్టుకుని వస్తారు. జైలుకెళ్లిన ఆడమనిషి కోసం వచ్చేవాళ్లు తక్కువ, పరువు పోయిందన్న మాటతో అత్తింటివాళ్లూ పుట్టింటివాళ్లూ ముఖం చాటేస్తారు. గాయం నుంచి కోలుకోవడానికి మందుకన్నా ముందు కావలసింది నమ్మకమైన మనిషి తోడు. తెగిపోయేది అదే.

తల్లులతో ఉన్న పిల్లల విషయంలో ఒక మంచి తీర్పు ఉంది, దాని పేరులో మన రాష్ట్రమే ఉంది. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బిడ్డ ఆరేళ్ల దాకా తల్లి దగ్గర ఉండవచ్చని, ఆహారం, టీకాలు, శిశుగృహం కల్పించాలని ఆదేశించింది. జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటు జైలని రాయకూడదన్న ఆదేశమూ అందులోదే. ఆరేళ్లు నిండాక బిడ్డను బంధువులకో సంరక్షణ గృహానికో పంపాలి, కనీసం వారానికోసారి తల్లిని కలిపించాలి. ఎవరూ లేని తల్లికి ఆ ఆరో పుట్టినరోజు ఎలా ఉంటుందో బ్యారక్‌లో అందరికీ తెలుసు. ఆ నెలల్లో తల్లికి మానసిక వైద్య సాయం ఉండాలన్న నిబంధన కూడా తోడైతే ఆ తీర్పు ఇంకా నిండుగా ఉండేది.

బ్యాంకాక్ నిబంధనలు, బ్రిటన్ అనుభవం

మహిళా ఖైదీల పట్ల వ్యవహరించాల్సిన తీరుపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 డిసెంబరులో 70 నిబంధనలను ఆమోదించింది. థాయ్‌లాండ్ చొరవతో వచ్చినవి కాబట్టి బ్యాంకాక్ నిబంధనలంటారు. ఆరో నిబంధన ప్రకారం జైలుకొచ్చినప్పుడే మానసిక ఆరోగ్యం, పీటీఎస్‌డీ, ఆత్మహత్య ముప్పు, గతంలో జరిగిన లైంగిక దాడి ఇవన్నీ తెలుసుకోవాలి. బట్టలు విప్పించే సోదాల బదులు స్కానర్ల వంటి మార్గాలు చూడాలని ఇంకో నిబంధన. మన 2016 ఆదర్శ జైలు నియమావళిలో మహిళలకు విడిగా అధ్యాయం ఉన్నా, జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి ఆచరణ ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

ఇంగ్లండులో స్టైల్ అనే చోట ఉన్న మహిళా జైల్లో ఏడాది వ్యవధిలో ఆరుగురు మహిళలు చనిపోయాక ప్రభుత్వం బారోనెస్ కోర్‌స్టన్‌తో సమీక్ష చేయించింది. 2007లో వచ్చిన ఆ నివేదిక చెప్పిన కీలకమైన మాట: ప్రమాదకారులు కాని మహిళలకు పెద్ద జైళ్లు అనవసరం, ఊళ్లలోనే మహిళా కేంద్రాల ద్వారా పర్యవేక్షణ సరిపోతుంది. కేంద్రాలు కొన్ని వచ్చాయి. పెద్ద జైళ్లు మాత్రం పోలేదు, మహిళా ఖైదీల్లో తమను తాము గాయపరచుకునే రేటు అక్కడ ఇప్పటికీ మగవాళ్లకన్నా చాలా ఎక్కువ. నివేదిక ఎంత మంచిదైనా డబ్బూ సిబ్బందీ రాకపోతే ఏమవుతుందో ఈ అనుభవం చెబుతుంది. మన దగ్గర జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ 1987లోనే మహిళా ఖైదీలపై నివేదిక ఇచ్చింది.

ఎదురయ్యే అభ్యంతరాలు

మన జైళ్లలో శిక్ష అనుభవిస్తున్న మహిళల్లో హత్య కేసుల తర్వాత వరకట్న మరణాల కేసుల వాళ్లు గణనీయంగా ఉన్నారు. అంటే అత్తలు, ఆడపడుచులు. ఈ కేసుల్లో ప్రాణం పోయింది మరో మహిళది. అత్త కూడా ఒకప్పుడు కోడలిగా దెబ్బలు తిని ఉండవచ్చు, కానీ ఆ కారణంతో చనిపోయిన కోడలి తల్లిదండ్రులకు న్యాయం తగ్గించడం కుదరదు. గాయం గురించి అడగడం శిక్ష ఎంత, శిక్షా కాలంలో ఏ వైద్యం, బయటికెళ్లాక ఏ తోడ్పాటు అన్నవి తేల్చడానికి. నేరం జరిగిందా లేదా అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలగలిపితే రెండూ చెడతాయి.

రెండో అభ్యంతరం మహిళా ఉద్యమం లోపలి నుంచే ఉంది. దెబ్బలు తిన్న భార్యకు 'సిండ్రోమ్' ఉందని వాదిస్తే కోర్టు ఆమెను రోగిగా చూస్తుంది. ఆమె పరిస్థితిలో ఎవరున్నా అలాగే ప్రవర్తించేవారన్న అసలు వాదన మరుగున పడుతుంది. పైగా ఏడుస్తూ, వణుకుతూ కనిపించే 'మంచి బాధితురాలి'కే సానుభూతి దొరుకుతుంది. గట్టిగా మాట్లాడేవాళ్లకు, తాగుడు అలవాటున్నవాళ్లకు, సెక్స్ వర్కర్లకు దొరకదు.

మూడోది ఆచరణకు సంబంధించినది, బహుశా అన్నిటికన్నా బరువైనది. వైద్యం అందించే ఏర్పాటు లేకుండా గేటు దగ్గరే 'నీపై ఎప్పుడైనా దాడి జరిగిందా?' అని అడిగి, టిక్కు పెట్టి పంపేస్తే, అది కట్టు విప్పి వదిలేయడమే. చెప్పిన మాట ఎవరి చేతికి వెళుతుందన్న భయమూ న్యాయమైనదే. భర్త హింస గురించి జైలు డాక్టరుకు చెప్పిన మాటే రేపు కోర్టులో 'చంపడానికి కారణం'గా తనమీదికి రావచ్చని లాయర్లు హెచ్చరిస్తారు. మానసిక ఆరోగ్య చట్టం గోప్యత హక్కు ఇస్తోంది గానీ, జైలు ఆసుపత్రి రిజిస్టరు మీద సూపరింటెండెంట్ కన్ను పడకుండా ఆపే ఏర్పాటు చాలాచోట్ల లేదు.

బెయిల్, విడుదల, ఆ తర్వాత

బెయిల్ విషయంలో మహిళలకు మినహాయింపు ఇవ్వవచ్చని చట్టమే చెబుతోంది. వచ్చిన చిక్కు జామీను దగ్గర. ఇద్దరు ష్యూరిటీలు కావాలంటే ఇల్లూ పొలం కాగితాలున్న బంధువులు ముందుకు రావాలి. ఇంట్లోవాళ్లే ఎదుటి పక్షమైనప్పుడు ఎవరొస్తారు? బెయిల్ మంజూరై నెలలోపు పూచీకత్తు పెట్టలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టులే చూడాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో సూచించింది. పేద విచారణ ఖైదీలకు 40 వేల రూపాయల దాకా సాయం చేసే కేంద్ర పథకం కూడా అదే ఏడాది వచ్చింది. నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద, మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశం లేని కేసుల్లో, మొదటిసారి కేసులో చిక్కుకున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే బెయిల్‌పై విడుదల చేయాలి.

శిక్ష పడ్డవాళ్ల విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నవంబరులో ఒక ప్రయోగం చేసింది. యావజ్జీవ శిక్షలో కనీసం అయిదేళ్లు గడిపిన మహిళల్లో 53 మందిని ముందస్తుగా విడుదల చేసింది. మగవాళ్లకన్నా చాలా తక్కువ కాలానికే ఈ వెసులుబాటు ఇచ్చారు. బయటికొచ్చిన మహిళ ఎక్కడికి వెళ్లాలన్నదానికి మాత్రం విడుదల ఉత్తర్వు సమాధానం ఇవ్వలేదు.

కోర్టుల్లో మార్పు రావడానికి ఒక దారి ఇప్పటికే తెరిచి ఉంది. మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో నిందితుల బాల్యం, కుటుంబం, మానసిక స్థితి గురించిన సమాచారం ట్రయల్ కోర్టులే సేకరించాలని సుప్రీంకోర్టు 2022 మేలో మనోజ్ కేసులో ఆదేశించింది. అదే పద్ధతిని యావజ్జీవ శిక్ష పడే కేసులకూ విస్తరిస్తే మహిళల హత్య కేసుల్లో ఎక్కువ భాగం దాని కిందికి వస్తాయి. శిక్ష మీద విడిగా వాదన వినాలన్న నిబంధన చట్టంలో ఎలాగూ ఉంది. దాన్ని 'పేదరాలు, పిల్లలున్నారు, దయచూపండి' అన్న ఒక్క వాక్యంతో ముగించకుండా ఉంటే చాలు.

జైళ్ల వైపు చూస్తే, మానసిక ఆరోగ్య చట్టం 103వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలి. దాన్ని మహిళా జైలుకు అనుసంధానించడానికి, ప్రవేశ పరీక్షను మొదటి రోజు కాకుండా వారం పది రోజుల తర్వాత జైలు సిబ్బంది కాని కౌన్సెలర్‌తో చేయించడానికి, ఆ రికార్డును ఆసుపత్రి దాటి పోనివ్వకుండా చూడటానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. జైళ్ల శాఖ ఉత్తర్వు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థతో ఒక ఒప్పందం, భరోసా, సఖి కేంద్రాల్లో ఇప్పటికే శిక్షణ పొందిన కౌన్సెలర్లు వారానికో రోజు చంచల్‌గూడకో రాజమహేంద్రవరానికో వెళ్లేలా ఏర్పాటు, ఇవి రాష్ట్ర ప్రభుత్వాల చేతిలోనివే.